రైలు విడిచిన ఎరుపు

మొన్న పొద్దున నా ఆటోలో ఇద్దరు కుర్రాళ్ళు ఎక్కారు. మెడలో కెమెరాలు, వీపున సంచులు, కళ్ళల్లో నిద్ర లేదు. భద్రాచలమా అని అడిగితే కాదన్నారు. సారపాకా అంటే అదీ కాదన్నారు.

"మరి ఏడికి బిడ్డా?"

"పట్టాలు మలుపు తిరిగే జాగా ఏదన్న ఉంటే ఆడికి తీస్కపో మామా. ఇంజను ఫోటో తియ్యాలె. కొత్త రంగేసిన్రట."

స్టేషను ముందు ఆటో పెట్టుకుని జుట్టు తెల్లబడినవాణ్ణి నేను. రాముణ్ణి చూడవచ్చిన వాళ్ళను దించాను, కాగితం మిల్లు డ్యూటీ వాళ్ళను దించాను, పెళ్ళికి పోయేవాళ్ళనూ పెళ్ళి నుంచి పారిపోయేవాళ్ళనూ దించాను. ఇంజను దర్శనానికి వచ్చిన భక్తులను దించడం మాత్రం అదే మొదలు.

వెనక సీట్లో అప్పటికే ఒకాయన ఉన్నాడు. మిల్లులో కాంట్రాక్టు పని. ఆయన్నీ వెంటేసుకునే మలుపు దగ్గర ఆపాను. కాసేపటికి బొగ్గు బండి వచ్చింది. ఇంజను మూతి పసుపు, ఒంటి నిండా ఊదా చారలు. ఒక కుర్రాడి ముఖం వాడిపోయింది.

"ఖరాబ్ చేసిన్రు. మిఠాయి డబ్బా లెక్క చేసిన్రు మామా!"

"నీకు తెల్వదు, ఊకో. మస్తుంది," అన్నాడు రెండోవాడు.

"ఏది మస్తు? పాత రంగు కాలిగోటికి సరిపోదు ఇది!"

ఇద్దరూ పట్టాల పక్కన కాలర్లు పట్టుకునేదాకా వచ్చారు. మిల్లు ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "రంగే గద తమ్మీ! పచ్చదైతేంది, పసుపుదైతేంది, బొగ్గు గుంజుడే గద దాని పని. గిట్ల ఇంజన్ల ఎంబడి తిరుగుతున్నమని ఇంట్ల చెప్పొచ్చిన్రా?"

ఆ మాటకు పిల్లల తలలు దిగాయి. నా తల లేచింది.

"రంగే గద అనకన్నా. రంగు సంగతి నీకేం ఎరుక?" అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, పక్క పొదలోంచి కంజు పిట్ట లేచిపోయింది.

"నీకెందుకే అంత కోపం?" అన్నాడాయన. చెప్పేలోపు ఆయన డ్యూటీ టైమయింది. ఇదుగో, ఇప్పుడు చెబుతున్నాను. నేను రాసే మనిషిని కాను. ఆరో తరగతిలో నేను బడి వదిలేశానని మా నాన్న చెప్పుకునేవాడు. బడే నన్ను వదిలించుకుని ఊపిరి పీల్చుకుందని మా పంతులు చెప్పుకునేవాడు. ఇద్దరూ నిజమే చెప్పారు.

మా పల్లె అడవి అంచున, బొగ్గు లైను పక్కన ఉండేది. అక్కడ రైలు ఆగే చోటును స్టేషను అంటే స్టేషన్లు కోప్పడతాయి. ఒక మట్టి దిబ్బ, దాని మీద ఒక పేరు పలక, ఎండకు అక్షరాలు రాలి ఆ పలక మీద సగం ఊరే మిగిలింది. ప్యాసింజరు పొద్దున కొత్తగూడెం వైపు పోయేది, సాయంత్రం తిరిగొచ్చేది. ఏ టైముకు అంటే, దాని ఇష్టం. ఎక్కే మనిషి కనబడితే ఆగేది. కనబడకపోతే ఒక కూత పెట్టి పోయేది. మిగతా పొద్దంతా బొగ్గు బండ్లు. అవి పెళ్ళికొడుకు వచ్చి నిలబడ్డా ఆగవు. బండ్లన్నిటికీ కూత ఒకటే. తేడా రంగులోనే.

ప్యాసింజరు ఇంజను ఎర్రనిది, నడుముకు పసుపు పట్టీ. బొగ్గు బండ్ల ఇంజన్లు ముదురు నీలం, మసి పట్టి నల్లగా కనబడేవి. మా ఊళ్ళో ప్యాసింజరు అన్న మాట ఎవరి నోటా విన్నది లేదు. "ఎర్రోడు" అనేవాళ్ళు. "ఎర్రోడు పోయిండా?" అంటే పొద్దెంతైందని అడగడం. "ఎర్రోడు రాలే" అంటే ఇంకా పొయ్యి మీద కుండ దించలేదని. ఏ కోడలైనా అలిగి పుట్టింటికి పోతే "ఎర్రోణ్ణి పట్టుకుని పోయింది" అనేవాళ్ళు మామూలుగా. కొత్తగా వచ్చిన చుట్టం ఒకాయన ఆ మాట విని, మా ఊళ్ళో పిల్లనిచ్చే ఆలోచన మానుకుని వెనక్కి పోయాడు.

మేం ముగ్గురం ఎర్రోడి మనుషులం. నేను, మా మేనత్త కొడుకు, దర్జీ చాచా వాళ్ళ చిన్నోడు. పొద్దున గటక తాగి, మూతి తుడుచుకోకుండానే పట్టాల కింది తూము గోడ మీదికి ఎక్కి కూర్చునేవాళ్ళం. ఎర్రోడు దగ్గరికి వస్తుంటే ముందు తూము గోడ వణికేది, తర్వాత మా పిర్రలు వణికేవి, ఆ తర్వాత వాసన వచ్చేది. కాగిన నూనె, కాలిన బ్రేకు, ఇనుము, దాని వెనక మూడో తరగతి పెట్టెల్లోంచి బీడీ, మల్లెపూలు, చేపల గంపలు. ఆ వాసన తగిలితే మా చిన్నోడు కళ్ళు మూసుకుని "బిర్యానీ లెక్కుంది రా" అనేవాడు. వాళ్ళింట్లో బిర్యానీ అంటే ఏ వాసన వచ్చేదో నేను అడగలేదు.

ఎర్రోడి మనుషుల్లో అందరికన్నా పెద్దది మా నాయనమ్మ. ఆమెకు కళ్ళల్లో పొరలు. మనుషుల ముఖాలు మంచులో నిలబడ్డట్టు కనబడేవి. మా అమ్మ దానికి బాధపడితే నాయనమ్మ నవ్వేది. "మొఖాలు కనబడకపోతే ఏం నట్టం? ఈ ఊర్లె చూడదగ్గ మొఖాలు ఎన్నున్నయ్ గని!" అనేది. ఆకుపచ్చ, నీలం, నలుపు, అన్నీ ఆమెకు ఒకే బురద. ఎరుపొక్కటే ఆమె కళ్ళకు లొంగేది. మిరపపండ్లు ఎండబోస్తే వాకిలి అవతలి నుంచి గుర్తుపట్టేది.

వానలు వెనకపట్టి సీతాఫలాలు కన్ను విచ్చే కాలం ఆమెది. కాయ మీద గడికీ గడికీ మధ్య గీత విచ్చుకుని తెల్లబడితే కన్ను విచ్చిందంటాం. మాకు కళ్ళుండీ తెలిసేది కాదు, ఆమె వేలితో తడిమి చెప్పేది. "ఇది రేపు. ఇది ఎల్లుండి. ఇది నువ్వు దాచిపెట్టుకున్నవ్ గదరా, తే ఇటు." గడ్డి పరిచిన గంపలో వరసలు పేర్చి, అంగడి రోజున పట్టాల అవతల ఇప్పచెట్టు కింద కూర్చునేది. దిబ్బ మీద నీడ లేదు. పైగా బొగ్గు బండి పోయేటప్పుడు లేచే గాలికి గట్టి మనిషే తూలుతాడు. అందుకని చెట్టు కింద కూర్చుని, ఆకుల్లోంచి ఎరుపు కదలగానే గంప నెత్తిన పెట్టుకుని దిబ్బ ఎక్కేది. ఎర్రోడు ఆగేవాడు. ఆమె ఎక్కేది. ఎవరి చెయ్యీ పట్టుకునేది కాదు.

వారంలో ఆ ఒక్క రోజు ఆమె ఎవరికీ అత్త కాదు, ఎవరికీ ముసలిది కాదు. కొత్తగూడెం అంగడిలో సీతాఫలాల అవ్వ. అక్కడ ఉల్లిగడ్డల ఆమెతో కూర్చుని ఊరందరి కోడళ్ళ మీదా తీర్పులు చెప్పి, వేడి మిర్చి బజ్జీ తిని, నోరు మండుతూ సాయంత్రానికి తిరిగొచ్చేది. మా కోసం తెచ్చిన బజ్జీలు చల్లారి మెత్తబడి, కాగితం నూనె పీల్చుకుని ఉండేవి. అంత రుచి నేను మళ్ళీ చూడలేదు.

ఒక పొద్దున మేం తూము మీద ఉండగా గోడ వణికింది, పిర్రలు వణికాయి, వాసన వచ్చింది. మలుపు తిరిగి వచ్చినవాడు మాత్రం ఎర్రోడు కాదు. నీలం. మెడ చుట్టూ ఒక తెల్ల గీత. వెనక పెట్టెలు మావే. కిటికీల్లో బీడీలు మావే. ఇంజను మూతి మీద సొట్ట కూడా ఎర్రోడిదే.

"ఎర్రోని తోలు ఒలిచిన్రురా!" అన్నాడు చిన్నోడు. వాడు నిజంగానే ఏడ్చాడు.

సాయంత్రానికి అరుగుల మీద పంచాయితీ మొదలైంది. ఒక ముసలాయన, "తేలు కుట్టినట్టుంది, నీలుక్కపోయింది," అన్నాడు. ఇంకొకాయన అప్పటిదాకా ఇంజను దగ్గరికి కూడా పోనివాడు, ఇంజన్లు పుట్టించినవాడిలాగా కాలు మీద కాలేసుకుని చెప్పాడు. "ఎరుపుల గుంజుడు బలముంటది. నీలానికి ఆ బలమేడిది? గుట్ట ఎక్కదు, చూడుండ్రి." మర్నాడు ఎక్కింది. "ఇయ్యాల ఎక్కింది. రేపెట్ల ఎక్కుతదో చూస్త," అన్నాడు. ఆ మాట మీదే ఆయన బతికినన్నాళ్ళూ బతికాడు. దర్జీ చాచా మాత్రం, "నీలం నిలువది భాయ్. రెండు వానలు పడనియ్యి, కిందికెళ్ళి ఎరుపు ఎల్తది," అని ధైర్యం చెప్పాడు. మేం వాన కోసం ఆకాశం చూస్తూ కూర్చున్నాం. వాన పడింది. నీలం ఇంకా మెరిసింది.

మా ముగ్గురికీ పంతం వచ్చింది. ఎర్రోడికి రోజూ చెయ్యి ఊపేవాళ్ళం కదా, నీలిగాడికి ఊపకూడదని తీర్మానం చేశాం. ఊపకపోవడం చాలదని మా మేనత్త కొడుకు అన్నాడు. బండి రాగానే ముగ్గురం లేచి నిలబడి వీపు చూపించాం. వాడి నిక్కరుకు వెనక పెద్ద చిల్లి. వాడు చూపించింది వీపొక్కటే కాదు. పెట్టెల్లో జనం నవ్విన నవ్వుకు మా సత్యాగ్రహం పరువు పోయింది, పట్టుదల మాత్రం పోలేదు.

ఈ నవ్వుల్లో మాకు ఒక సంగతి తట్టలేదు. రంగు మారిందని అందరికన్నా ముందు చెప్పాల్సింది నాయనమ్మకు.

ఆ అంగడి రోజు ఆమె ఇప్పచెట్టు కింద కూర్చునే ఉంది. నీలిగాడు వచ్చాడు. ఆమె కళ్ళకు అడవిలో అడవి కదిలినట్టుంది. బొగ్గు బండి అనుకుంది. దిబ్బ మీద మనిషి లేదు కాబట్టి వాడు కూతేసి పోయాడు. నాయనమ్మ మధ్యాహ్నం దాకా ఎర్రోడి కోసం చూసి, గంప నెత్తిన పెట్టుకుని ఇంటికి వచ్చింది. పండ్లు రెండు రోజుల్లో మెత్తబడిపోయాయి. మేమే తిన్నాం. గింజలు ఉమ్మే పందెంలో నేను గెలిచాను, కడుపునొప్పిలో కూడా.

అప్పుడు చెప్పాం రంగు సంగతి. మరుసటి అంగడికి ఆమె మోసపోకూడదనుకుని, ఆకుల్లో ఏదో కదిలినట్టు కనబడగానే దిబ్బ ఎక్కి నిలబడింది. వచ్చింది బొగ్గు బండి. దాని గాలికి గంప ఎగిరింది, నాయనమ్మ పడింది. మోచెయ్యి చీరుకుపోయి, ముఖం నిండా బొగ్గు పొడితో ఇంటికి వచ్చింది. మా అమ్మ పసుపు అద్దుతూ ఏడ్చింది. నాన్న గడప మీద నిలబడి ఒకే మాట అన్నాడు.

"ఇగ బంద్. నువ్వు అంగడికి పోయేది లేదు."

"నన్ను ఆపనీకె నువ్వెవడివిరా?"

"నీ కొడుకును. కండ్లు కనబడని మనిషిని రైలు కింద పెట్టి నేను ఊర్ల తలెత్తుకుని తిరగాల్నా? ఇంట్ల కూసో. ముద్ద పెడ్తం, తిను."

ఆ రాత్రి పచ్చిపులుసులో ఉప్పు ఎక్కువైనా నాయనమ్మ ఎవరినీ తిట్టలేదు. నాకు భయమేసింది. మర్నాడు పొద్దున ఆమె మంచం మీద కూర్చుని ఒట్టి చేతులతో గాలిలో కాయ తడుముతున్నట్టు వేళ్ళు కదుపుతుంటే చూశాను. అప్పుడు అర్థమైంది నాకు, ఎర్రోణ్ణి పోగొట్టుకున్నది మేం ముగ్గురం కాదని.

"నాయనమ్మా, ఎర్రోణ్ణి మళ్ళ ఎర్రగ చేస్తే?" అన్నాను.

"ఎట్ల చేస్తవ్?"

"జాజుతోటి."

మా వైపు పండగ ముందు ఇంటి గోడ అడుగునా గడప పక్కనా ఎర్రమన్ను కలిపి పూస్తాం, దాన్నే జాజు అంటాం. బతుకమ్మ దగ్గరికొచ్చింది కాబట్టి అమ్మ ఒక బకెట్ నిండా కలిపి పెట్టింది. నాయనమ్మ కాసేపు ఆలోచించింది. నేను తిట్లకు సిద్ధపడి తల కాస్త పక్కకు జరుపుకున్నాను.

"ఒళ్ళంత పూసుడు మనతోటి కాదు," అంది. "మూతికి పుయ్యుండ్రి. నాకు మూతి కనబడితే చాలు."

మర్నాడు చిన్నోడు మనిషి కనబడాలని దిబ్బ మీద నిలబడ్డాడు. నీలిగాడు ఆగాడు. నేనూ మా మేనత్త కొడుకూ బకెట్‌తో, చీపురు కట్టతో ఇంజను మూతి మీద పడ్డాం. నాయనమ్మ కింద నిలబడి, "ఇంకింత పైకి! ఆ పక్కకు! పొట్టోడా, నిక్కరు పట్టుకుని ఎక్కు!" అని మేస్త్రీ పని చూస్తోంది. నాలుగు చారలు పడేలోపు డ్రైవరు దూకాడు.

"ఏయ్! ఏం చేస్తున్నర్రా! ఇది ఇంజననుకున్నర్రా, మీ ఇంటి గడపనుకున్నర్రా?"

"గడపే అనుకో బిడ్డా," అంది నాయనమ్మ. "ఈ ఊర్లకెళ్ళి బయటికి పోనీకె మాకు ఇదొక్కటే గడప. దానికి రంగు మార్చేటప్పుడు మమ్ముల ఒక్క మాట అడగొద్దా?"

డ్రైవరుకు పెద్ద మీసాలు. ఆ మీసాల కింద కోపం ఎటు పోవాలో తెలియక కాసేపు తిరిగింది. నాయనమ్మ ముఖం, మోచేతికి కట్టిన పాత గుడ్డ చూశాడు. విషయం అడిగాడు. నేను చెప్పాను. బండి నిలబడే ఉంది, పెట్టెల్లో జనం తలలు బయటపెట్టి వింటున్నారు.

"పెద్దమ్మా," అన్నాడు, "రంగు మా చేతుల్ల లేదు. రంగేసెటోళ్ళు మమ్ముల అడుగుతరా? ఆపుడు మా చేతుల్లున్నది. మనిషి కనబడితే ఆపుత. నువ్వు చెట్టు కిందనే కూసో, లేచి వచ్చేదాక ఆగుత. గని నువ్వే కనబడ్తలేవు."

"నేనా?"

"ఇప్పుడు ఆ చెట్టు కింద చూడు. నిండ రెల్లు పూసింది. తెల్ల చీర కట్టుకుని ఆ తెల్ల పూలల్ల కూసుంటే, నువ్వు మనిషివో రెల్లు దుబ్బవో నాకెట్ల తెలుస్తది?"

ఆయన సహాయకుడు తాగే నీళ్ళతోనే జాజు కడిగేశాడు. బండి కదిలింది. నాయనమ్మ నా భుజం మీద చెయ్యేసి ఇంటికి నడిచింది. దారి పొడుగునా తనలో తాను నవ్వుకుంది.

"ఏందే?" అన్నాను.

"ఇన్నొద్దులు నేను వాణ్ణి చూడాలె అనుకున్న. వాడు నన్ను చూస్తే సరిపోతది గదరా!"

తాత పోయిన రోజు నుంచి ఆమె ఒంటి మీద తెల్ల చీరే. అది ఎవరూ రాయని చట్టం. ఆమె నేరుగా దర్జీ చాచా ఇంటికి పోయింది. చాచా మిషను మీద బట్టలు కుట్టడమే కాదు, నాలుగు చీరలు కూడా అమ్మేవాడు.

"చాచా, ఎర్ర చీర ఒకటి తియ్యి."

"కోడలికా అమ్మా?"

"నాకే."

మిషను ఆగిపోయింది. చాచా గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, అంటే, నువ్వు... ఎర్రది..."

"నీ దుకాణంల ఎరుపు లేదా, నీ నోట్లె మాట లేదా?"

"రెండు ఉన్నయ్ అమ్మా," అని చాచా లేచాడు. "ఎంత ఎరుపు గావాలె?"

"ఆ మలుపు కాడికెళ్ళి కనబడేంత."

ఆమె ఎర్ర చీర కట్టుకుని వీధిలో నడిచి వచ్చిన ఆ పొద్దు నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. బావి దగ్గర బిందెలు నిండి పొర్లుతున్నా ఎవరూ తోడుకోవడం ఆపలేదు, చూడటం ఆపలేక. మా తాతకు తమ్ముడి వరసైన పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఊళ్ళో ఎవరు ఏం కట్టాలో, ఎవరు ఎవరి ముందు కూర్చోవాలో ఆయనకే తెలుసు. సాయంత్రానికల్లా మా వాకిట్లో ఉన్నాడు.

"వదినే, ఇదేం యేషం? మొగడు పోయినదానివి. ఊరు నవ్వుతది."

"నవ్వనియ్యి మరిదీ. ఊరు నవ్వి ఎన్నొద్దులైంది."

"తమాష కాదు. రేపు నీ మనవరాలికి సంబంధం వస్తదా?"

"రంగు చూసి పోయెటోడు పోతేనే మంచిది. మీ అన్న పోతే తెల్లది కట్టమన్నరు, కట్టిన. అది కట్టి రెల్లు దుబ్బనైన. రైలు నన్ను చూడక పోతుంటే మీ ఆచారం వచ్చి ఆపుతదా? చెప్పు!"

నాన్న ఆయన వైపే మాట్లాడాడు. మా అమ్మ, ఎప్పుడూ అత్తకు ఎదురు చెప్పనిది, ఆ చినమామకు కూడా చెప్పనిది, పొయ్యి దగ్గర నుంచే అంది. "ఎర్రగుంటేంది, అత్తమ్మ చీర అత్తమ్మ ఇష్టం." అని గరిటె గట్టిగా కుండకేసి కొట్టింది. ఆ పూట అన్నం మాడింది. అందరం ఆ మాడిందే తిన్నాం.

అంగడి రోజు. నాయనమ్మ గంపతో ఇప్పచెట్టు కింద. రెల్లు పూల మధ్యలో ఎర్రగా, మంట పెట్టినట్టు. మేం ముగ్గురం తూము మీద. గోడ వణికింది. నాయనమ్మకు కూత వినబడింది, ఏ బండో తెలియదు. వాడికి ఇంకా బాగా కనబడాలనుకుందో ఏమో, లేచి నిలబడి చీర కొంగు పట్టుకుని గాలిలో ఊపింది.

వచ్చింది బొగ్గు బండి.

అలాంటి బ్రేకుల అరుపు నా జన్మలో మళ్ళీ వినలేదు. పట్టాల మీద నిప్పులు లేచాయి. పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ, బొగ్గు గడ్డలు రాలుస్తూ, అడవంతా కాలిన వాసన నింపుతూ ఆ బండి సరిగ్గా ఇప్పచెట్టు ముందు ఆగింది. పెళ్ళికొడుక్కు ఆగని బండి మా నాయనమ్మకు ఆగింది. డ్రైవరు చెమటలు కక్కుతూ దిగాడు.

"ఏమైంది అవ్వా? పట్టా ఇరిగిందా? యాడ?"

"నువ్వు బొగ్గోడివా?" అంది నాయనమ్మ నిరాశగా. "నువ్వెందుకు ఆగినవ్ బిడ్డా? నీ పని కాదిది. పో, పో."

"ఎర్రగుడ్డ ఊపినవ్ గదనే!"

"గుడ్డ కాదు, చీర. కొత్తది."

రైలు లోకంలో ఎర్రగుడ్డ ఊపితే ప్రమాదమని అర్థం. మాకు ఎరుపు అంటే ఎర్రోడు, అంగడి, బజ్జీ. అంతకు మించి ఆ రంగుకు అర్థం ఉందని మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. రెండు రోజులకు పట్టాల మీద నాలుగు చక్రాల తోపుడు బండెక్కి ఒక రైల్వే ఆఫీసరు విచారణకు వచ్చాడు. తెల్ల ప్యాంటు, నెత్తిన టోపీ. ఊరంతా దిబ్బ దగ్గర చేరింది. మరిది ముందు వరసలో నిలబడ్డాడు, తన పని రైలు వాళ్ళే చేస్తారన్న సంతోషంతో.

"ఎవరు బండి ఆపింది?"

నాయనమ్మ ఎర్ర చీరలోనే ముందుకొచ్చింది. "నేనే. ఆగినోడు వేరే, ఆపాలనుకున్నోడు వేరే."

ఆఫీసరు మొదటి నుంచి అడిగాడు. ఆమె మొదటి నుంచి చెప్పింది. ఎర్రోడు, నీలిగాడు, పొరలు, గంప, జాజు, రెల్లు. మధ్యలో మరిది తగులుకున్నాడు. "సార్, ఈమె ముండమోసింది. ఈమె ఎరుపు కట్టుడే తప్పు. కట్టొద్దని మీరు గట్టిగ చెప్పుండ్రి, మా మాట ఇంటలేదు."

నేను ఆఫీసరు టోపీ వైపే చూస్తున్నాను. ఆయన వద్దంటే అయిపోయినట్టే. నాన్న మాట, ఊరి మాట, సర్కారు మాట, మూడూ ఒకవైపు. నాయనమ్మ మంచం మీద కూర్చుని గాలిలో కాయలు తడుముకోవడం తప్ప ఇంకేమీ మిగలదు.

నాయనమ్మ ఆగలేదు. "సారూ, ఎరుపు ముందుగాల మీ రైలుదే. మీరు వద్దనుకుని ఇడిసిపెట్టిన్రు. ఇడిసిపెట్టినదాన్ని నేను ఎత్తుకుని కట్టుకున్న. గుంజుకుంటనంటే ముందు మీ ఇంజనుకు మళ్ళ ఎరుపెయ్యుండ్రి. అప్పుడు ఈ చీర ఇడుస్త."

ఆఫీసరు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వడానికో, దగ్గడానికో.

"అమ్మా, చూడు. ఊపొద్దు. అది ఒక్కటే. కొంగు ఊపితే డ్రైవరు పానం ఆగిపోతది, ఎనక పెట్టెలు పడిపోతయ్. ఊపకుంట కూసో. చీర ఏ రంగుదైతే రైల్వేకేంది? మాకేం అభ్యంతరం లేదు."

"ఇంకోసారి చెప్పు బిడ్డా, అందరికి ఇనబడేటట్టు."

"మాకేం అభ్యంతరం లేదు!"

నాయనమ్మ మరిది ఉన్న దిక్కు తిరిగింది. ఆయన ముఖం ఆమెకు కనబడదు, కనబడాల్సిన అవసరమూ లేదు. "ఇన్నవా? అంత పెద్ద రైలుకే లేదట. నీకేంది మరి?"

మళ్ళీ అంగడికి నీలిగాడు మలుపు తిరిగాడు. ఇప్పచెట్టు కింద ఎరుపు కదలకుండా కూర్చుని ఉంది. మీసాల డ్రైవరు ఆపాడు, ఆపి కిందికి చూస్తూ కూర్చున్నాడు. నేను పరుగెత్తి గంప పట్టుకోబోతే ఆమె చేత్తో నెట్టేసింది. మెట్టు తడిమింది, ఎక్కింది. నాన్న ఇంటి వాకిట్లోంచే చూశాడు. సాయంత్రం బజ్జీల పొట్లం ముందు ఆయన చేతికే ఇచ్చింది. ఆయన తిన్నాడు.

ఇప్పుడక్కడ దిబ్బ లేదు. ప్యాసింజరు ఆగదు. తూము గోడ మీద గడ్డి మొలిచింది. కరెంటు ఇంజన్లు వచ్చాయి, రంగు మీద రంగు మారుతూనే ఉంది. మారిన ప్రతిసారీ ఎవడో ఒక కుర్రాడు ఎక్కడో పట్టాల పక్కన కొట్లాడతాడు. కొట్లాడనీ. రంగే కదా అనేవాడికి ఏ రంగూ అవసరం పడలేదని అర్థం, అంతే. నా ఆటోలో అలాంటి కుర్రాళ్ళకు ముందు సీటు.

నాయనమ్మకు తర్వాత ఎప్పుడో దవాఖానాలో పొరలు తీశారు. కట్టు విప్పి ఇంటికి తెచ్చిన రోజు మా అమ్మ పక్కనుంది. నేను మెల్లగా గెలికాను. "ఇగ నీలం కూడ కనబడ్తది నాయనమ్మా. చీర ఇడుస్తవా మరి? రైలుకు నువ్వు కనబడే పని లేదిగ."

ఆమె నా మాట వినలేదు. గోడకున్న అద్దం ముందు నిలబడి ఉంది. చీర కట్టిన నాటి నుంచీ ఎరుపు ఆమెకు కనబడుతూనే ఉంది, ఎరుపులో ఉన్న మనిషి మాత్రం కనబడలేదు. కుచ్చిళ్ళు చూసుకుంది. కొంగు తిప్పి చూసుకుంది. ముఖం దగ్గరికి పోయి చాలాసేపు చూసుకుంది. తర్వాత మా అందరి వైపూ తిరిగింది, కోపంగా.

"ఇంత మంచిగున్ననని ఒక్కరన్న చెప్పలేదేందిరా, ఇన్నేండ్లు!"